ఏడో పోర్టు – గ్రీన్

2005 ఆగస్టు 9, మంగళవారం

సిద్ధాంతిగారు వచ్చి వెళ్లారు. పదేళ్లుగా నేను చూసుకుంటున్న కంప్యూటరు గదిలోకి వచ్చి, నేల మీద దిక్సూచి పెట్టి, ఐదు నిమిషాల్లో తేల్చేశారు. డిస్కుల ర్యాక్ ఈశాన్యంలో ఉందట. ఈశాన్యంలో బరువుంటే ఆసుపత్రికి అరిష్టమట. పోయిన నెల మెదడు డాక్టరొకాయన మానేసి చెన్నైకి వెళ్లిపోయింది అందుకేనట. జీతం చాలక కాదు పాపం!

ఛైర్మన్‌గారు చేతులు కట్టుకుని విన్నారు. డైరెక్టరు చక్రధర్‌గారు నా వైపు తిరిగారు.

"ధనంజయా, రేపు పది ఇరవైకి ముహూర్తం. పన్నెండుకు రాహుకాలం. ఆ లోపల ర్యాక్‌ను నైరుతి మూలకు జరిపేయాల. తీగలు సరిపోతాయా?"

"సరిపోతాయి సార్" అన్నాను.

కొలవలేదు. ఏడాది కిందట ఛైర్మన్‌గారి దగ్గర ఒకసారి "కుదరదు సార్" అన్నాను. అప్పటినుంచి ఆసుపత్రి అంతా నన్ను వెనకాల "కుదరదు ధనంజయ" అంటారు. ఆ మాట ఇంకోసారి నా నోట రాకూడదనుకున్నాను. అంతే.

సాయంత్రం కొలిచాను. మూరెడు తక్కువ. చెన్నైకి ఫోన్ చేస్తే పొడుగు తీగలు శుక్రవారం పంపుతామన్నారు.

ఆగస్టు 10, బుధవారం

జరిపేశాం. నలుగురు మనుషులు, ఒక పురోహితుడు, ఒక కొబ్బరికాయ. పదీ నలభైకి ర్యాక్ నైరుతిలో కూర్చుంది.

తర్వాత తీగలు. స్కానింగ్ బొమ్మలు దాచే ఆ డిస్కుల నుంచి రెండే ఫైబరు తీగలు. ఒకటి పై స్విచ్చిలో, అంటే తీగలన్నీ వచ్చి కలిసే పెట్టెలో, ఏడో పోర్టుకు, అంటే ఏడో కన్నానికి, ఇంకొకటి కింది స్విచ్చిలో ఏడో పోర్టుకు. ఈ ఆసుపత్రిలో తీసిన ప్రతి స్కానింగ్ బొమ్మా ఆ రెండింటి మీదనే నడవాలి. ఒకటి పోయినా రెండోది మోయాలని రెండు పెట్టేది. అందుకే రెండూ వేర్వేరు దారుల్లో పోవాలి. ఇది నా కింద పనిచేసే ఆపరేటరు మోహనకు నేనే నేర్పిన మొదటి పాఠం.

ఇవాళ రెండింటినీ ఒకే దారిలో లాగాను. స్తంభం అంచును ఒరుసుకుంటూ పోతేగానీ అందలేదు. జారిపోకుండా ఆ అంచు దగ్గరే రెండింటినీ కలిపి ప్లాస్టిక్ ట్యాగుతో బిగించాను.

మోహన అక్కడే నిలబడి చూస్తోంది. "సార్, ఆ అంచుకాడ మరీ మడత పడుతుండాది. లోపలుండేది గాజు గదా."

"నాకు తెలీదామ్మా?" అన్నాను. కసురుకున్నట్టే అన్నాను. ఛైర్మన్‌గారు తలుపు దగ్గర ఉన్నారు మరి.

స్విచ్ ఆన్ చేశాం. పై ఏడో పోర్టు దీపం ఆకుపచ్చ. కింది ఏడు ఆకుపచ్చ. అందరూ చప్పట్లు కొట్టారు. సిద్ధాంతిగారు నా భుజం తట్టారు. పదకొండూ ఇరవై. రాహుకాలానికి ఇంకా నలభై నిమిషాలు!

ఆగస్టు 11, గురువారం

పొద్దున్నే మోహన రిజిస్టరు పట్టుకుని వచ్చింది. ఆ పిల్ల పని అదే: రోజుకు మూడుసార్లు ఒక్కో పోర్టు పక్కన వెలిగే దీపం చూసి రంగు రాయడం. సూళ్లూరుపేట పిల్ల. రెండేళ్లుగా కాంట్రాక్టు మీద ఉంది. సెప్టెంబరు ఒకటికి పర్మినెంటు చేస్తామన్నారు. నేనే సిఫారసు రాశాను.

"సార్, పై ఏడు ఎల్లో అయింది."

వెళ్లి చూశాను. పసుపే. గాజు నరంలో పోయే వెలుతురు మడత దగ్గర బయటికి కారిపోతోంది, అవతలికి సగమే అందుతోంది. నీళ్ల గొట్టాన్ని తొక్కి పట్టినట్టు.

"ఎల్లో అని రాసేదా?"

శనివారం శనివారం ఆ రిజిస్టరు చక్రధర్‌గారి బల్ల మీదికి పోతుంది. ముహూర్తం దాటి ఒక్క రోజుకే పసుపు అంటే, తీగలు ఎవరు లాగారు, సరిపోతాయన్నది ఎవరు అని అడుగుతారు.

"గ్రీన్ అని రాయి. కొత్త తీగలు రేపు బయల్దేరతాయి. రాగానే మార్చేస్తాం. కింది ఏడు బాగానే ఉంది కదా."

పెన్ను పట్టుకుని ఒక నిమిషం నిలబడింది. "మీరు చెప్తే సరే సార్" అని రాసింది.

నాలుగు రోజుల సంగతి. ఎవరికీ నష్టం లేదు.

ఆగస్టు 12, శుక్రవారం

పై ఏడు పసుపే. చెన్నైవాడు ఫోన్ చేశాడు. స్టాకు లేదట. సోమవారం స్వాతంత్య్ర దినం. ఇక బుధవారమే.

ఆగస్టు 13, శనివారం

మోహన మళ్లీ వచ్చింది. ఈసారి లోపలికి రాకుండా తలుపు దగ్గరే నిలబడి చెప్పింది. "సార్, కింది ఏడు గూడా మినుకు మినుకు మంటా ఉండాది."

స్తంభం దగ్గరికి పోయి, ట్యాగు కింద వేలు పెట్టి, తీగను రవ్వంత పైకి నెట్టాను. ఆకుపచ్చ. వేలు తీశాను. ఆకుపచ్చే.

"చూశావా? ఏమీ కాదు" అన్నాను.

ఆ పిల్ల నవ్వలేదు. "ఆ ట్యాగు కోసేసి, ర్యాక్‌ను కొంచెం ఇవతలికి జరుపుకుందాం సార్. మూరెడు జరిపితే చాలు గదా."

మూరెడు జరిపితే నైరుతి మూల తప్పుతుంది. ఛైర్మన్‌గారు వచ్చినప్పుడల్లా మొదట చూసేది ఆ మూలనే. "బుధవారం దాకా ఓపిక పట్టమ్మా" అన్నాను. రెండూ గ్రీన్ అని రాసింది. రిజిస్టరు పైకి పోయింది. చక్రధర్‌గారు సంతకం పెట్టి తిప్పి పంపారు.

రాత్రి అన్నం దగ్గర మా ఆవిడ రేవతి "ఏమి, అట్లుండావు?" అంది. పని ఎక్కువన్నాను, ఈ పుస్తకం ముందేసుకున్నాను.

ఆగస్టు 15, సోమవారం

జెండా ఎగరేశారు. ముహూర్తబలం చేత ఆసుపత్రి దశ తిరిగిందని ఛైర్మన్‌గారు ప్రసంగం. నాకు మిఠాయి పొట్లం ఇచ్చారు. మోహన పొట్లం తీసుకోకుండా గదిలోకి వెళ్లిపోయింది, దీపాలు చూడటానికి. ఇంత చాదస్తమేమిటి ఈ పిల్లకు!

ఆగస్టు 16, మంగళవారం

వరసగా రాయాలి.

పదీ నలభై ఎనిమిదికి పై ఏడు ఆరిపోయింది. మోహన కేకేసింది. నేను కుర్చీలోంచి లేచేలోపలే కింది ఏడు కూడా ఆరిపోయింది. రెండు పోర్టులూ చీకటి.

మరుక్షణం ఆపరేషన్ థియేటరు నుంచి ఫోన్. బల్ల మీద సత్యవేడు మనిషి. దొరస్వామి, యాభై రెండేళ్లు, చెరుకు రైతు. మెదడులో గడ్డ. పుర్రె తెరిచి ఉన్నారు. ఎదురుగా తెర మీద బొమ్మ చూసుకుంటూ డాక్టరుగారు కోస్తున్నారు. తెర ఖాళీ అయిపోయింది. స్కానింగ్ యంత్రంలో రెండు రోజుల బొమ్మలే ఉంటాయి. దొరస్వామి బొమ్మలు శుక్రవారంవి. అవి మా డిస్కుల్లో తప్ప ఎక్కడా లేవు. ఫిల్ములు తీయడం ఉగాదికే మానేశాం.

కత్తెర తీసుకుని ట్యాగు కోసేశాను. ర్యాక్‌ను మోహనా నేనూ కలిసి ఇవతలికి లాగాం. తీగ వదులైంది. రెండు దీపాలూ ఆకుపచ్చ. కానీ సర్వరు డిస్కులను ఒక్కొక్కటే సరిచూసుకుంటేగానీ బొమ్మలివ్వదు. నలభై మూడు నిమిషాలు పట్టింది. థియేటరు నుంచి తొమ్మిదిసార్లు ఫోన్ చేశారు. తొమ్మిదిసార్లూ మోహనే ఎత్తి "వస్తా ఉండాది సార్, వస్తా ఉండాది" అంది. నేను ఎత్తలేదు.

డాక్టరుగారు ఇరవై నిమిషాలు ఆగి, ఇక ఆగలేక, అంచనా మీద ముగించేశారు.

సాయంత్రం ఐదింటికి తెలిసింది. దొరస్వామికి కుడిచెయ్యి లేవడం లేదు. మాట రావడం లేదు.

వరండాలో ఆయన భార్య నిర్మలమ్మ కూర్చుని ఉంది. నా మెడలో కార్డు చూసి లేచి వచ్చింది. "సామీ, మీరు కంప్యూటరోళ్లా? మా ఆయప్ప ఫోటో ఏదో రాలేదంట గదా. ఇప్పుడొచ్చిందా?"

వచ్చిందమ్మా అన్నాను.

"అయితే మాట గూడా వస్తాదిలే" అంది.

ఆగస్టు 17, బుధవారం

తీగలు వచ్చాయి. మార్చేశాను. వేర్వేరు దారుల్లో వేశాను. ర్యాక్‌ను మళ్లీ నైరుతిలో పెట్టాను. పాతవి చుట్టచుట్టి చెత్తబుట్టలో వేశాను.

ఆగస్టు 18, గురువారం

డాక్టరుగారు క్యాంటీన్లో ఎవరితోనో అంటుంటే విన్నాను. గడ్డ ఉన్న చోటు అలాంటిదట. బొమ్మ ఎదురుగా ఉన్నా చెయ్యి పడిపోయేదేమోనట. "చెప్పలేం" అన్నారు.

చెప్పలేం అన్నారు. అంటే తీగ వల్ల కాకపోవచ్చు. రెండు దోసెలు తిన్నాను. వారం తర్వాత ఇవాళే ఆకలైంది.

ఆగస్టు 19, శుక్రవారం

స్విచ్చిలమ్మిన కంపెనీ ఇంజనీరు జయచంద్ర బెంగళూరు నుంచి వచ్చాడు. చక్రధర్‌గారే పిలిపించారు. అతను తీగలు చూడలేదు, స్తంభం చూడలేదు. నేరుగా స్విచ్చికి తన కంప్యూటరు తగిలించి పోర్టును అడిగాడు.

పోర్టు లెక్క పెట్టుకుంటుంది. అవతలినుంచి వచ్చిన వెలుతురులో ఎంత చెడిపోయి వచ్చిందో, ఎన్నిసార్లు ఆరిందో, ఏ రోజు ఏ గంటకో. అన్నీ ఉన్నాయి. పదకొండో తేదీ నుంచి పై ఏడు చెడు. పదమూడు నుంచి కింది ఏడు చెడు.

జయచంద్ర రిజిస్టరు అడిగాడు. పక్కపక్కన పెట్టాడు. "ఆరు రోజులు పసుపు దీపాలు వెలిగుంటే, మీ ఆపరేటరు గ్రీన్ అని రాసింది సార్. చూడకుండానే రాసినట్టుండాది."

ఒక్క కమాండుతో ఆ లెక్కను నేనే చెరిపేసి ఉండొచ్చు. బుధవారమే. తోచలేదు.

ఛీ! ఇది రాస్తున్నది నేనేనా?

ఆగస్టు 22, సోమవారం

విచారణ. చక్రధర్‌గారి గది. జయచంద్ర, నేను, మోహన. ఆ పిల్లను కూర్చోమనలేదు.

"రోజూ దీపాలు చూసినావా?"

"చూసినాను సార్."

"అయితే ఎల్లో ఉంటే గ్రీన్ అని ఎందుకు రాసినావు?"

మోహన నా వైపు చూసింది. గోడ మీద క్యాలెండరు ఉంది, దాని మీద స్వామివారి బొమ్మ ఉంది, ఆ బొమ్మ కింద ఏదో ఆయిల్ మిల్లు పేరు ఉంది. అదంతా చదివాను.

"నిన్నే అడిగేది. ఎవరైనా రాయమన్నారా?"

నేను చెప్పాల్సిన చోటు అదే. నా కోసం ఖాళీగా వదిలిపెట్టింది ఆ పిల్ల. నోరు తెరిచాను కూడా. దగ్గాను.

"రాసింది నేనే సార్" అంది మోహన.

బయటికొచ్చాక వరండాలో అడిగింది, గొంతు పెంచకుండా. "మీరు చెప్తారనుకున్న్యా సార్."

"చెప్తాను. సమయం చూసి చెప్తాను. ఇప్పుడు ఛైర్మన్‌గారి ముహూర్తం మాట కూడా వస్తుంది కదా, జాగ్రత్తగా చెప్పాలి."

తల ఊపింది. నమ్మింది.

ఆగస్టు 23, మంగళవారం

రేపు చెప్తాను.

ఆగస్టు 24, బుధవారం

చక్రధర్‌గారు ఊళ్లో లేరు.

ఆగస్టు 25, గురువారం

ఉన్నారు. మీటింగులో ఉన్నారు.

ఆగస్టు 27, శనివారం

మోహనను తీసేశారు. నాకు మెమో ఇచ్చారు, పర్యవేక్షణ లోపమని. ఆ పిల్ల కాగితంలో మాత్రం "తప్పుడు నమోదుల వలన రోగి ప్రాణానికి హాని" అని ఉంది. ఆ కాగితం చేతిలో ఉంటే ఇంకే ఆసుపత్రీ పనివ్వదు. ఇంకే కంప్యూటరు గదీ తలుపు తీయదు.

బ్యాగు సర్దుకుని వెళ్తూ రిజిస్టరు నా బల్ల మీద పెట్టింది. "పొద్దుటివి రాసేసినాను సార్. మధ్యాహ్నానివి మీరు చూసుకోండి."

పెళ్లి కావలసిన పిల్ల. ఎలాగూ రెండు మూడేళ్లలో మానేసేది. నాకైతే ఇంకా ఇరవై ఏళ్ల సర్వీసు.

ఆగస్టు 30, మంగళవారం

పై మాట రాసిన చెయ్యి విరగ.

సెప్టెంబరు 1, గురువారం

ఆ పిల్లకు పర్మినెంటు కావలసిన రోజు.

సెప్టెంబరు 4, ఆదివారం

సూళ్లూరుపేట వెళ్లాను. రేవతికి ఆఫీసు పని అని చెప్పాను. గూడూరులో రైలు మారి, పదకొండుకు దిగాను. స్టేషను దగ్గరే మోహన వాళ్ల నాయన మునిరామయ్య సైకిలు షాపు. పేరు చెప్పగానే చేతులు తుడుచుకుని లేచి నిలబడ్డాడు.

"సారా! మా పాపకు పని నేర్పిన సారు గదా! రాండి, రాండి, ఇంటికి పోదాం."

ఇంట్లో అరిటాకు వేశారు. మోహన వాళ్లమ్మ చంద్రకాంతమ్మ చేపల పులుసు వడ్డించింది. మోహన గుమ్మం దగ్గరే నిలబడి, బాగున్నారా సార్ అంది.

నేను నోరు తెరిచేలోపల మునిరామయ్య ముందుగా మాట్లాడాడు. "తప్పు మా పాపదే సార్. దీపాలు సరిగ్గా చూల్లేదంట, అదే చెప్పింది. వారం రోజులు నేను దాంతో మాట్లాళ్లేదు. ఎవరో రైతుకు చెయ్యి పడిపోయిందంట గదా. ఆ పాపం మా ఇంటికే గదా సార్ వచ్చేది. మీకు గూడా మెమో ఇచ్చినారంట, మా వల్ల." చేతులు జోడించాడు. నాకు.

ఇంట్లో కూడా చెప్పలేదు ఆ పిల్ల.

చేతిలో ముద్ద ఆకులో పెట్టేశాను. చెయ్యి కడుక్కోకుండానే చెప్పేశాను. తీగ సరిపోతుందన్నది నేను. బిగించింది నేను. పసుపును గ్రీన్ అని రాయమన్నది నేను. విచారణలో నోరు మూసుకున్నది నేను. ఆ పిల్ల మూడుసార్లు చెప్పింది, మూడుసార్లూ వినలేదు. అన్నీ చెప్పాను. ఏడ్చాను కూడా.

మునిరామయ్య చేతులు అలాగే జోడించి ఉన్నాయి. వాటిని ఎలా విడదీయాలో మరిచిపోయినట్టు చూసుకుంటున్నాడు. చంద్రకాంతమ్మ పులుసు గిన్నె తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

మోహన గుమ్మం దాటి ఇవతలికి వచ్చింది. కోపం లేదు ఆ గొంతులో. అలసట ఉంది.

"ఇది ఆడ చెప్పాల సార్. ఈడ కాదు."

తిరుగు రైల్లో నిలబడే వచ్చాను. సీట్లు ఖాళీగానే ఉన్నాయి.

సెప్టెంబరు 5, సోమవారం

చెప్పాను. పదీ పదికి చక్రధర్‌గారి గదిలోకి వెళ్లి, తలుపు వేసి, నిలబడి, మొత్తం చెప్పాను.

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "ధనంజయా, నువ్వు మంచోడివి. ఆ పిల్లంటే జాలి. అందుకని మీద వేసుకుంటుండావు."

"జాలి కాదు సార్, నిజం."

"నిజమైతే ఆరోజు ఎందుకు చెప్పలా?"

ఆయన కళ్లద్దాలు మళ్లీ పెట్టుకున్నారు.

"చూడప్పా. రిజిస్టరులో ఆమె చేతిరాత ఉండాది. ఆమె ఒప్పుకుంది. పాత తీగలు లేవు. నీ మాట తప్ప ఏముండాది? రాతపూర్వకంగా ఒక్క ముక్క చూపించు, ఫైలు మళ్లీ తెరుస్తా. లేకుంటే పోయి పని చూసుకో."

లేదని చెప్పి వచ్చేశాను. మెట్లు దిగుతుంటే, నిజం చెబుతున్నాను, తేలికగా అనిపించింది. చెప్పాను కదా, ఆయనే నమ్మలేదు, ఇక నేనేం చేయగలను అనుకున్నాను. ఇంటికి వచ్చి, స్నానం చేసి, ఎప్పటిలాగే ఈ పుస్తకం తీశాను.

అప్పుడు చేతిలో ఉన్నదేమిటో చూసుకున్నాను.

ఆగస్టు పదకొండు. "పెన్ను పట్టుకుని ఒక నిమిషం నిలబడింది." తేదీతో సహా, ఆ రోజు సిరాతో సహా.

మొదటినుంచీ చదివాను. ఆగస్టు పద్దెనిమిది నాటి దోసెలు. చెరిపేసి ఉండొచ్చన్న కమాండు. ఇరవై ఏడు నాటి మాట. ఆ పేజీ ఒక్కటి చింపితే ఏమవుతుంది, మిగతావి చాలు కదా అనుకున్నాను. చింపిన పుస్తకాన్ని ఎవడు నమ్ముతాడు? మళ్లీ గ్రీన్ అని రాయడమే అది.

చక్రధర్‌గారికి ఇచ్చే ముందు రేవతికి ఇచ్చాను. మంచం అంచున కూర్చుని అంతా చదివింది. గంట పట్టింది.

"ఇదంతా నా పక్కన కూర్చోనే రాస్తా ఉండావా?" అంది.

అవునన్నాను.

"నేను పద్దులనుకున్న్యా" అంది. పుస్తకం మూసి నా చేతికిచ్చి అటు తిరిగి పడుకుంది. ఇవ్వొద్దని మాత్రం అనలేదు.

సెప్టెంబరు 6, మంగళవారం

చక్రధర్‌గారి గది బయట, బల్ల మీద కూర్చుని రాస్తున్నాను. లోపల ఎవరో ఉన్నారు. ఆగమన్నారు.

ఇప్పుడే నిర్మలమ్మ ఇటు వచ్చింది. చేతికి వ్యాయామం చేయించడానికి మంగళవారం మంగళవారం దొరస్వామిని తీసుకొస్తున్నారట. ఆయన చక్రాల కుర్చీలో ఉన్నాడు. కుడిచెయ్యి ఒళ్లో ఉంది. నన్ను చూపించి "కంప్యూటరు సారు, ఫోటో తెప్పించినాడే, ఆయప్ప" అని చెప్పింది. ఆయన ఎడమచేత్తో నాకు దణ్ణం పెట్టాడు.

లేచి నిలబడ్డాను. "ఫోటో పోగొట్టింది నేనేనమ్మా" అన్నాను. ఆమెకు అర్థం కాలేదు. లిఫ్టు వచ్చింది, కుర్చీ తోసుకుంటూ వెళ్లిపోయింది. ఆమెకు మళ్లీ చెప్పాలి, అర్థమయ్యేట్టు. ఈ పుస్తకంలో కాదు.

సార్, ఇది చదువుతున్నది మీరే కాబట్టి నేరుగా మీకే రాస్తున్నాను. ఇందులో పేజీలేవీ చింపలేదు. లెక్క పెట్టుకోండి. మోహన మూడుసార్లు చెప్పింది: పదో తేదీ, పదకొండు, పదమూడు.

పిలుస్తున్నారు.